బొమ్మలు ఎనిమిదే ఎందుకు?

అమెరికాలోని కమడోర్ సంస్థ 1982లో 'కమడోర్ 64' అను గృహ కంప్యూటరును విడుదల చేసినది. ఇంటి టెలివిజనుకు తగిలించి దీనితో ఆటలాడేవారు. ఆ ఆటలలో పరుగెత్తే మనిషి, ఎగిరే విమానము వంటి చిన్న బొమ్మలను 'స్ప్రైటు'లు అంటారు. వెనుకనున్న దృశ్యము చెరగకుండ వీటిని తెరపై ఎటైనను జరుపవచ్చును. కాని ఒకే అడ్డగీత మీద ఎనిమిదింటికి మించి కనబడవు. మెమరీ 64 కిలోబైట్లు. ఒక బొమ్మకు కావలసినది 63 బైట్లే. మరి ఈ పరిమితి ఎందుకు? కొరత చోటుకు కాదు, కాలమునకు.

ఆనాటి టెలివిజనులో ఎలక్ట్రాను కిరణము తెరపై ఎడమనుండి కుడికి ఒక్కొక్క గీతగా బొమ్మను గీసేది. ఒక గీతకు పట్టే కాలము సుమారు 64 మైక్రోసెకండులు. కిరణము ఎవరికొరకును ఆగదు. అది ఒక చోటికి వచ్చునప్పటికి అచట వేయవలసిన చుక్క సిద్ధముగా ఉండవలెను.

ఈ కంప్యూటరు ఐరోపా నమూనాలో ఒక గీతకు గడియారము 63 మార్లు కొట్టుకొనును. ఒక్కొక్క దెబ్బను 'మాత్ర' అందాము. మాత్రలో మొదటి సగము చిత్రపు చిప్పుది, రెండవ సగము గణన చేసే ప్రాసెసరుది. చిప్పు తన 63 అర్ధమాత్రలలో 40 వెనుక దృశ్యమునకు, 5 మెమరీలోని విద్యుదావేశము హరించకుండ కాపాడుటకు వాడును. మిగిలినవి 18.

ఒక స్ప్రైటుకు ప్రతి గీతలోను నాలుగు బైట్లు చదువవలెను. బొమ్మ ఎచటనున్నదో తెలుపునది ఒకటి, దాని 24 చుక్కలను తెలుపునవి మూడు. అనగా రెండు పూర్తి మాత్రలు. ఎనిమిది స్ప్రైటులకు 16 మాత్రలు చెల్లును. చిప్పుకు మిగిలినవి రెండే! పైగా ఆ 16 మాత్రలలో ప్రాసెసరు వంతు కూడ పోవుచున్నది. అక్షరముల వరుస ఆరంభమగు గీతలో చిప్పు ప్రాసెసరునుండి మరి 40 మాత్రలు తీసికొనును. ఆ రెండును కలిసిన గీతలో ప్రాసెసరుకు 63లో ఏడింటికి మించి దక్కవు.

ఈ చిక్కు కమడోరుకు మాత్రమే పరిమితము కాదు. 1979లో వచ్చిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టి.ఐ.-99/4 లో 32 స్ప్రైటులుండెను. కాని ఒక గీతపై నాలుగే కనబడేవి, అయిదవది మాయమయ్యేది.

కమడోరులో ప్రోగ్రాములు వ్రాసేవారు ఒక ఉపాయము కనుగొన్నారు. స్ప్రైటు ఎత్తు 21 గీతలు. కిరణము దానిని గీసి క్రిందికి దిగిన పిమ్మట ఆ స్ప్రైటు ఖాళీయే గదా! ఫలానా గీత వచ్చినప్పుడు ప్రాసెసరుకు కబురు చేయు ఏర్పాటు చిప్పులోనే ఉన్నది. ఆ కబురు అందగానే స్ప్రైటు స్థానమును, రూపమును మార్చినచో అదే స్ప్రైటు క్రింద మరొక బొమ్మగా వెలయును. ఈ విధముగా తెరపై ఇరవై, ముప్పది బొమ్మలు కూడ ఆడినవి. అయినను ఒకే గీతపై ఎనిమిదన్న హద్దు అలాగే ఉండెను. శత్రువుల గుంపు ఒకే వరుసలోనికి రాకుండ ఆటనే మలచుకొనవలసి వచ్చేది.

తరువాతి కాలమున మెమరీ చవుకయై వేగము హెచ్చినది. చిత్రమునంతటిని ముందుగానే మెమరీలో కూర్చి తెరకు పంపుట సాధ్యమైనది. కిరణముతో పాటు పరుగెత్తవలసిన అవసరము పోవుటతో ఈ ఎనిమిది బొమ్మల లెక్కయు తీరిపోయినది.