మరణ పట్టికకెక్కని మరణాలు

వలస రాజ్యాల చరిత్ర వ్రాసేవారు పాలకుల మరణ పట్టికలనే ప్రమాణంగా తీసుకోవడం పరిపాటి. హాంకాంగ్ చైనీయుల విషయంలో అది చెల్లదని నా అభిప్రాయం.

1894లో అక్కడ ప్లేగు చెలరేగింది. ఆ ఏడు 2,500 మందికి పైగా చనిపోయారని లెక్క. వారిలో అత్యధికులు చైనీయులే. వారి ఇరుకు కొంపలను గూర్చి చాడ్విక్ అనే ఇంజనీరు 1882లోనే నివేదిక ఇచ్చాడు. పన్నెండేళ్ళపాటు పెద్దగా కదలని ప్రభుత్వం ప్లేగు రాగానే సైనికులచేత ఇంటింటా సోదా చేయించింది, రోగులను బలవంతంగా తరలించింది, తైపింగ్‌షాన్ పేటను పడగొట్టింది.

జనం ఏం చేశారు? వేలాదిమంది కాంటన్ దారి పట్టారు. స్వగ్రామంలో కన్ను మూసినవాడు హాంకాంగ్ పట్టికకెక్కడు. తరువాతి ఏండ్లలోనూ సోదాకు జడిసి, తమవారి శవాలను వీధిలో వదిలి వెళ్ళినవారున్నారు. అట్టి శవం లెక్కకెక్కినా, దాని పేరూ ఇల్లూ ఎక్కలేదు.

కనుక ఈ పట్టికలలో రోగంతోబాటు పాలకులంటే ప్రజలకున్న భయమూ దాగివుంది. పైగా ఆ పాలకులే 1904లో, నౌకర్లుగా తప్ప చైనీయులు పీక్ కొండమీద కాపురముండరాదని చట్టం చేశారు. అది 1946 దాకా నిలిచింది. కొండ కింది చావులను లెక్కించేవారు ఈ చట్టాన్ని కూడా పక్కన పెట్టుకొని చదవాలి.