జపాన్‌లో తేయాకు పరీక్ష: పందెం నుంచి ప్రమాణం దాకా

జపాన్‌లో టీ రుచి చూసి తేడా చెప్పే పోటీలు 14వ శతాబ్దానికే జోరుగా సాగుతున్నాయి. వాటిని తోచా అనేవారు. క్యోటో దగ్గరి తొగానో కొండల్లో, కోజాన్‌జి ఆలయ పరిసరాల్లో పండిందే అసలైన టీ అని, తక్కినదంతా దానికి దిగువేనని ఆనాటి లెక్క. గిన్నెలో ఉన్నది తొగానో టీయా, కాదా అన్నది చెప్పగలగడమే ఆట. తరువాతి కాలంలో ఆ గౌరవం ఉజి ప్రాంతపు టీకి దక్కింది. క్రమంగా ఆట చిక్కబడింది. మూడు రకాల టీలను ముందుగా రుచి చూపించేవారు. ఆ మూడూ మూడేసి గిన్నెలు, ఎవరూ రుచి చూడని నాలుగో రకం ఒక గిన్నె, మొత్తం పది గిన్నెలను వరుస తప్పించి అందించేవారు. గెలిచినవారికి ఖరీదైన బహుమానాలుండేవి. ససాకి దోయో వంటి ఆడంబర ప్రభువుల కొలువుల్లో ఇది పెద్ద వేడుక. 1336 నాటి కెన్ము శాసనం టీ గోష్ఠుల పేరిట సాగే జూదాన్ని తప్పుపట్టింది. అయినా ఆట పూర్తిగా పోలేదు. గున్మా ప్రాంతంలోని షిరకుబో అనే పల్లెలో దాని గ్రామీణ రూపం నేటికీ ఏటా ఫిబ్రవరి 24న జరుగుతుంది.

పందెం వ్యవహారంగా మారింది ఎగుమతుల వల్ల. 1859లో యొకొహామా రేవు తెరుచుకున్నాక జపాన్ టీకి అమెరికా పెద్ద గిరాకీ అయింది. గిరాకీతోపాటే రంగు పూసిన ఆకు, కల్తీ ఆకు కూడా ఓడలెక్కాయి. 1879లో యొకొహామాలో తయారీదారుల టీలను ఒకచోట చేర్చి పోల్చి బహుమతులిచ్చే ప్రదర్శన జరిగింది. 1883లో కల్తీ టీ దిగుమతిని నిషేధిస్తూ అమెరికా చట్టం చేసింది. మరుసటి ఏడాదే జపాన్ ప్రభుత్వం టీ వర్తకులు, రైతుల సంఘాలకు నిబంధనలు ప్రకటించింది. 1897 నాటి మరో అమెరికా చట్టంతో, వచ్చిన ప్రతి సరుకునూ నమూనాలతో పోల్చి చూడడం మొదలైంది. ఆకు ఎక్కడిదన్న ప్రశ్న వెనక్కి తగ్గి, అందులో లోపమేమిటన్న ప్రశ్న ముందుకొచ్చింది. ఇప్పటి పరీక్ష పద్ధతికి పునాది ఈ మార్పే.

ఇప్పటి జాతీయ టీ పోటీ 1947లో మొదలైంది. ఏటా ఒక్కో టీ ప్రాంతం దానికి ఆతిథ్యమిస్తుంది. సెన్చా, ఎక్కువసేపు ఆవిరి పట్టిన సెన్చా, నీడలో పెంచిన గ్యోకురో, మాచా పొడికి ముడిసరుకైన తెన్చా, పెనం మీద వేయించే కమాయిరిచా వంటివాటికి వేర్వేరు విభాగాలున్నాయి. పోటీకి వచ్చేది దుకాణంలో అమ్మే పొట్లాం కాదు, ప్రధానంగా తోట దగ్గర తయారైన అరాచా, అంటే ముడి టీ. అందుకే ఇది మొదట రైతు పనితనానికి పరీక్ష.

న్యాయనిర్ణేతల ముందు పేర్లుండవు, అంకెలే ఉంటాయి. ఆకును నల్లటి పళ్లెంలో పోసి మెరుపు, ఆకు చుట్టుకున్న తీరు, పొడి ఎంత చేరిందీ చూస్తారు. తరువాత 3 గ్రాముల ఆకు మీద సలసల కాగే నీళ్లు పోస్తారు. ఇంట్లో గ్యోకురోను గోరువెచ్చని నీటిలోనే తీస్తారు, మరిగే నీళ్లు పోస్తే దాని తీపి అణగిపోయి చేదు, వగరు పైకొస్తాయి. పరీక్షకు కావలసింది సరిగ్గా అదే. గోరువెచ్చని నీళ్లు లోపాన్ని కప్పిపుచ్చుతాయి, మరిగే నీళ్లు బయటపెడతాయి. వేడిగా ఉండగానే జల్లెడ గరిటెతో ఆకును పైకెత్తి వాసన చూస్తారు. తెల్లని పింగాణీ గిన్నెలో నీటి రంగు చూస్తారు. చెంచాతో రుచి చూసి ఉమ్మేస్తారు. మొత్తం 200 మార్కులు, వాటిలో సగానికి పైగా వాసనకూ రుచికీ కలిపి పోతాయి. నిండు మార్కులతో మొదలుపెట్టి, కనిపించిన ప్రతి లోపానికీ కోత వేస్తారు.

ఈ కోతలు చదవడం తెలిస్తే తోట చరిత్ర అర్థమవుతుంది. పచ్చి వాసన వస్తే ఆవిరి చాలలేదు. మగ్గిన వాసన వస్తే కోసిన ఆకు గుట్టగా పడి వేడెక్కి ఉండొచ్చు. కమురు వాసనకు కారణం ఎండబెట్టే యంత్రం వేడి. ముదురాకు వాసన ఆలస్యమైన కోతను పట్టిస్తుంది. రైతు వచ్చే ఏడాదికి దిద్దుకోవలసినది ఇందులోనే దొరుకుతుంది గనుక, బహుమతి కన్నా ఈ తీర్పే విలువైనది.

పోటీ ఆకు కోసం రైతులు చేతికోతకు జనాన్ని పిలుస్తారు, కాడలను ఒక్కొక్కటిగా ఏరేస్తారు. విభాగంలో మొదటి స్థానానికి వ్యవసాయ మంత్రి పేరిట బహుమతి, ఎక్కువ పాయింట్లు తెచ్చిన ఊరికి ప్రాంతీయ బహుమతి ఉన్నాయి. తీర్పు తరువాత ఆ ఆకును వేలం వేస్తారు. ఇంత శ్రమతో తీసిన ఆకు రోజూ తాగే టీకి ప్రతినిధి కాదన్న విమర్శలో నిజముంది.

పరీక్షించే నైపుణ్యానికీ వేరే పోటీ ఉంది. టీ వ్యాపారంలోని యువకులు ఆకు చూసి రకం, ప్రాంతం చెప్పాలి, జూడోలోలాగే దాన్ హోదాలు పొందాలి. పదో దాన్ అందుకున్నవారు చాలా కొద్దిమంది. 2014లో మొదలైన నిహోన్‌చా అవార్డు అమ్మకానికి సిద్ధమైన టీని తీసుకుంటుంది. దాని తుది దశలో నిపుణులతోపాటు టీ తాగే సామాన్యుల ఓట్లనూ లెక్కలోకి తీసుకుంటారు.