కరగించు మందు

సులభముగా దేహమును సన్నపఱచు నుపాయము చెప్పెదనని వచ్చువానికి ఏ దేశమునందును శ్రోతలు కఱవు కారు. ఆహారము తగ్గింపనక్కఱలేదు, శ్రమపడనక్కఱలేదు, గుళిక మ్రింగినఁ జాలునని చెప్పినచో వానికిఁక లోటేమి? ఇట్టి యుపాయములలో మిక్కిలి భయంకరమైన దానియొక్క చరిత్రమును చదువరుల యెదుట నుంచుచున్నాను. దాని పుట్టినిల్లు వైద్యశాల కాదు, మందుగుండు కర్మాగారము.

1914 మొదలు 1918 వఱకు జరిగిన మహాయుద్ధమున ఫ్రాన్సుదేశమువారు ఫిరంగిగుండ్లకై పిక్రికామ్లముతో డైనైట్రోఫినాలు అను పసుపుపచ్చని పొడిని కలుపుచుండిరి. ఆ పొడి యూపిరితోడను చర్మముగుండను లోనికిఁ బోఁగా పనివారు చెమటలతోఁ దడిసి, నానాఁటికిఁ జిక్కిపోయిరి. కొందఱు తీవ్రమైన జ్వరముతో మరణించిరి. ఇది వైద్యులు వ్రాసి యుంచిన సంగతియే.

అయినను 1933వ సంవత్సరమున అమెరికాలోని స్టాన్‌ఫోర్డు విశ్వవిద్యాలయమున టెయింటరు, కటింగు అను వైద్యశాస్త్రజ్ఞులు ఈ పదార్థమునే స్థూలకాయులకిచ్చి పరీక్షించిరి. ఆహారము తగ్గింపకయే వారమునకు రెండు మూడు పౌనుల బరువు తగ్గెను. వారు జాగ్రత్తలను గూడఁ జెప్పిరి గాని జాగ్రత్తలను వినుట కెవరికిఁ దీఱిక? ఒక సంవత్సరములోనే లక్షమందికిఁ దక్కువ కాకుండ దీనిని సేవించిరని టెయింటరే లెక్కవేసెను. వైద్యుని చీటి లేకయే అంగళ్లలో అమ్ముడుపోయెను.

ఈ మందు పనిచేయు విధమును గ్రహించినచో దాని క్రౌర్యము బోధపడును. మనము తినిన యన్నమును దేహము మెల్లమెల్లగా మండించి, ఆ శక్తిని అవయవముల పనికై కూడఁబెట్టుకొనును. డైనైట్రోఫినాలు ఈ కూడఁబెట్టుకొనుటను చెఱచును. పొయ్యిమీఁది కుండను దించివేసి కట్టెలు మండించినట్లు, శక్తియంతయు వట్టి వేడియై పోవును. క్రొవ్వు కరగుట నిజమే. మోతాదు కొంచెము మీఱినచో జ్వరము హెచ్చును. సాధారణమైన జ్వరపు మందులకది లొంగదు. సన్నపఱచు మోతాదునకును చంపు మోతాదునకును నడుమ నెడము స్వల్పము.

1935 నాఁటికి మఱియొక కీడు బయటఁబడెను. దీనిని సేవించిన పడుచువారికిఁ గన్నులలో శుక్లములు పుట్టసాఁగెను. అందు ఎక్కువమంది స్త్రీలు. మందు మానిన కొన్ని నెలలకుఁ గూడ నీ శుక్లములు కనఁబడుచుండెను. కొందఱికిఁ జూపే పోయెను. అద్దములో సన్నని రూపమును జూచుకొనవలెనని కోరినవారికి అద్దమే కనఁబడకపోయెను. వారిని నిందించుటకు నాకు మనసొప్పదు. లావైన స్త్రీని నవ్వులపాలు చేయు సంఘము ఆ మందును తనచేత నమ్మకున్నను, కొనువారిని అంగడికిఁ బంపినది కాదా?

ప్రభుత్వ మేమి చేయుచుండెనని యడుగుదురేమో. 1906 నాఁటి అమెరికా చట్టము రోగమును గుదుర్చు పదార్థమునే ఔషధమని యెంచెను. స్థూలకాయము రోగము కాదఁట. కావున దానికై యమ్మునది ఔషధము కాదఁట! ఈ తర్కము చాటున విషము నిరాటంకముగాఁ జెల్లెను. 1938లో క్రొత్తచట్టము వచ్చినపిమ్మట గాని అధికారులు దీనిని మనుష్యులు తినఁదగనిదని నిషేధింపలేకపోయిరి.

అంతటితోఁ గథ ముగియలేదు. ఈ శతాబ్దమున అంతర్జాలముద్వారా గుళికలు తెప్పించుకొని బ్రిటనులో యువతీయువకులు ప్రాణములు గోల్పోయిరి. 2023 అక్టోబరున ఆ దేశము దీనిని విషముల చట్టము క్రిందికిఁ దెచ్చెను. దీనికి విరుగుడు నేఁటికిని లేదు. మంచుతో రోగి దేహమును జల్లార్చుచు వైద్యులు కనిపెట్టుకొని యుండవలసినదే.