మూడో పిలుపు

రాత్రి పదకొండు దాటింది. మంగంపేటలో మీ ఇంటి ముందుగదిలో చాప మీద బోర్లా పడుకుని ఉన్నావు. ముందు ఓ పాత పుస్తకం, తిరుపతి ఫుట్‌పాత్ మీద బేరమాడి కొన్నది. ‘డ్రాకులా’. బ్రామ్ స్టోకర్ రాశాడు, 1897లో అచ్చయింది. పేజీ తిప్పిన ప్రతిసారీ వేలికి సన్నటి బూడిదరంగు పొడి అంటుతోంది. అది పుస్తకానిది కాదు, ఊరిది. ముగ్గురాయి పొడి. తులసి ఆకు మీదా అదే, బియ్యం డబ్బా మూత మీదా అదే.

అమ్మ నిద్రపోయింది. రెండో షిఫ్టు దిగి నాయన ఇంకా రాలేదు.

నువ్వు జోనథన్ హార్కర్ వెనకే నడుస్తున్నావు. ఇంగ్లండు నుంచి వచ్చిన కుర్ర లాయరు. లండన్‌లో ఇల్లు కొంటున్న ఓ జమీందారు కోసం కాగితాలు పట్టుకుని ట్రాన్సిల్వేనియా కొండల్లోకి పోతున్నాడు. పూటకూళ్లింటి ఆవిడ వద్దని మోకాళ్ల మీద పడి ఏడుస్తుంది. తన మెడలోని శిలువ తీసిస్తుంది. అయినా పోతాడు. నువ్వు పోతావా?

పేజీ తిప్పావు. పోయినట్టే.

కోట తలుపు తెరుచుకుంటుంది. జమీందారు గడపకు అవతల బొమ్మలా నిలబడతాడు. అడుగు ముందుకెయ్యడు. గడప దాటాల్సింది హార్కరే, తన కాలితో, తన ఇష్టంతో. దాటుతాడు. అప్పుడు కదులుతుంది ఆ చెయ్యి. మంచుగడ్డలా ఉంటుంది.

పొద్దున గడ్డం గీసుకుంటుంటే హార్కర్ భుజం మీద చెయ్యి పడుతుంది. అద్దంలో గదంతా కనిపిస్తోంది. ఆయన లేడు.

మరో రాత్రి. వెన్నెల. జమీందారు కిటికీలోంచి బయటికొస్తాడు. తల కిందికి పెట్టి కోట గోడ మీద పాకుతాడు. బల్లిలా.

నీ తల దానంతటదే లేస్తుంది. ట్యూబులైటు పక్కన బల్లి. దాని తలా కిందికే ఉంది.

పుస్తకం మూసేయొచ్చు. మూయవు.

ఇప్పుడు ఓడ. లోపల యాభై పెట్టెల మట్టి. మట్టెందుకు? సొంతగడ్డ మట్టిలోనే జమీందారుకు పడక. అందుకే దాన్ని వెంట తీసుకుపోతున్నాడు. నావికులు ఒక్కొక్కరే మాయమవుతారు. విట్బీ రేవులో తేలేసరికి మిగిలింది, చేతులు చుక్కానికి కట్టేసుకున్న కెప్టెన్ శవం.

మట్టి ఓడెక్కడం నీకు వింత కాదు. ఒక్కచోట ఇంత ముగ్గురాయి ప్రపంచంలో ఇంకెక్కడా లేదంటారు. ప్రభుత్వ సంస్థ ఏపీఎండీసీ గనిలో తవ్విన రాయి, నాయన పనిచేసే మిల్లులాంటి వాటిల్లో పొడై, సముద్రాలు దాటి చమురు బావుల్లోకి దిగుతుంది. నీళ్లకు నాలుగు రెట్లకు మించిన బరువు. అడుగు నుంచి ఎగదన్నే గ్యాసును ఆ బరువే అదిమిపెడుతుంది.

“పైకి రావాలని చూసేదాన్ని తొక్కిపట్టే రాయి ఇది” అన్నాడోసారి నాయన.

ఆ మాట ఇప్పుడెందుకు గుర్తొచ్చింది?

కరెంటు పోతుంది.

ఫ్యాను ఆగింది. దూరంగా మిల్లుల హోరు ఆగింది. నీ ఊపిరి నీకే వినిపిస్తోంది.

టక్.

తలుపు.

ఎవరో పిలిచారు. నీ పేరే.

నోటిదాకా వచ్చిన జవాబును మింగేస్తావు. రాత్రిపూట పేరుపెట్టి పిలిస్తే మూడోసారి దాకా పలకగూడదనేది అవ్వ. దయ్యం మూడోసారి పిలవదంట.

టక్. టక్.

రెండో పిలుపు. గొంతు బొంగురుగా ఉంది.

అమ్మను లేపాలా? లేస్తే చాప చప్పుడు.

ఏమీ లేదు.

ఇంకా ఏమీ లేదు.

దగ్గు. ఆ వెంటనే మూడో పిలుపు.

గడియ తీస్తావు. ఫోను వెలుగులో ఒక మొహం. నుదురు బూడిద. కనురెప్పలు బూడిద. కళ్లు మాత్రమే తడిగా మెరుస్తున్నాయి. మనిషి గడపకు అవతలే నిలబడ్డాడు.

లోపలికి రాడు.

గుండె ఒక దెబ్బ తప్పుతుంది.

“చెంబుతో నీళ్లు తే. కాళ్లు కడుక్కోవాల. ఇల్లంతా పొడైతాది.”

రోజూ వినే మాటే. ఈ రాత్రి నీళ్లు తెచ్చే చెయ్యి వణుకుతోంది. ఆయన కాళ్ల మీంచి జారిన బూడిద నీళ్లు, పొద్దున అమ్మ వేసిన ముగ్గు మీదికి పారుతున్నాయి.

“లోపలికి రా నాయనా” అంటావు.

చెంబు పట్టుకుని నీకేసి చూస్తాడు. “నా ఇంట్లోకి నన్నే పిలుస్తాండావేంది?”