కణం గడప వద్ద ఏటీపీ

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని మనం ఏటీపీని కనుగొన్న శాస్త్రవేత్తగా స్మరిస్తాము. హార్వర్డులో ఫిస్కేతో కలిసి ఆయన ఆ ఫలితాన్ని ప్రకటించినది 1929లో. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది స్వతంత్రంగా దానిని వేరుచేశాడు. తరువాతి కాలంలో అది కణపు ఇంధనంగా పాఠ్యపుస్తకాలకెక్కింది.

అంతగా ఎవరూ చెప్పుకోని సంగతి మరొకటి ఉంది. ఆ 1929లోనే కేంబ్రిడ్జిలో డ్రూరీ, సెంట్ జార్జి అనే ఇద్దరు, ఏటీపీకి దగ్గరి చుట్టమైన ఎడినోసిన్‌ను జంతువుల రక్తంలోకి ఎక్కిస్తే గుండె వేగం తగ్గుతుందని చూపారు. అంటే ఇటువంటి పదార్థాలను కణం వెలుపలనే గుర్తుపట్టే గ్రాహకాలేవో ఉండాలి.

ఏటీపీ నాడుల నుండి వెలువడే సందేశం కూడానని 1972లో జెఫ్రీ బర్న్‌స్టాక్ వాదించాడు. ఇంత విలువైన ఇంధనాన్ని కణం బయట పారబోసుకుంటుందా అని చాలామంది నమ్మలేదు. 1993, 1994లలో గ్రాహకాల జన్యువులు చేతికి చిక్కాక గాని ఆ సందేహం తీరలేదు. అవి రెండు కుటుంబాలు. పీ2ఎక్స్ గ్రాహకాలు ఏటీపీ తగలగానే తెరుచుకుని అయాన్లను లోనికి విడుస్తాయి. పీ2వై గ్రాహకాలు ద్వారం తెరవవు, లోపలి జీ ప్రోటీనుకు కబురందిస్తాయి.

నన్ను మిక్కిలి ఆకర్షించేది వీటి వంశచరిత్ర. నాడులే లేని జిగురు బూజులో పీ2ఎక్స్ బంధువు ఉన్నదని 2007లో తేలింది. అయితే అది ఉన్నది కణం పైపొరలో కాదు, అదనపు నీటిని వెలుపలికి నెట్టే సంకోచ రిక్తిక పొరలో! కొన్ని ఆకుపచ్చ శైవలాలలోనూ ఉంది. చక్కని నాడీవ్యవస్థ గల పండ్ల ఈగలో మాత్రం లేదు. వారసత్వంగా వచ్చిన ఆస్తిని ఆ శాఖ పోగొట్టుకున్నదన్నమాట.

కణం లోపల ఏటీపీ దండిగా, బయట అత్యల్పంగా ఉంటుంది. కణం చిట్లితే అది ఒలుకుతుంది. కనుక బయట ఏటీపీ కనబడితే పొరుగున గాయమైనట్లే. దాని నుండి ఒక ఫాస్ఫేటు ఊడితే మిగిలే ఏడీపీని రక్త ఫలకికలపై ఉండే పీ2వై12 పసిగట్టి, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడుతుంది. స్టెంటు వేసిన తరువాత, వరంగల్‌లోనైనా బోస్టన్‌లోనైనా, వ్రాసే క్లోపిడోగ్రెల్ మాత్ర అడ్డుకునేది ఈ గ్రాహకాన్నే. మందు 1990లలోనే వాడుకలోకి వచ్చింది. గ్రాహకాన్ని గుర్తించినది 2001లో. కాలేయంలో రూపు మార్చుకున్న ఆ మందు గ్రాహకానికి అతుక్కుంటే ఇక ఊడదు. ఆ ఫలకిక బ్రతికే వారం పది రోజులూ అంతే. కొత్త ఫలకికలు మాత్రం రోజూ పుడుతూనే ఉంటాయి. ఒంట్లో బాగానే ఉంది కదా అనో, పన్ను పీకించుకోవాలనో వైద్యుని అడగకుండా మాత్ర మానితే, కొద్ది రోజులలోనే రక్తమంతా మందు తగలని ఫలకికలతో నిండుతుంది. స్టెంటులో గడ్డ ఏర్పడే ముప్పు పెరిగేది అప్పుడే.