విపత్తుకు ముందే కసరత్తు: హామ్ రేడియో ‘ఫీల్డ్ డే’

తుపానుకు విద్యుత్తు స్తంభాలు, టెలిఫోన్ తీగలు నేలకూలితే కబురు చేరవేసేదెవరు? ఆ బాధ్యతకు సిద్ధంగా ఉండేందుకు లైసెన్సు పొందిన ఔత్సాహిక రేడియో నిర్వాహకులు (హామ్‌లు) ఆరుబయట సాధన చేస్తారు. అమెరికన్ రేడియో రిలే లీగ్ 1933లో ప్రారంభించిన ‘ఫీల్డ్ డే’ వీటిలో ప్రసిద్ధమైనది. అమెరికా, కెనడాలలో ఏటా జూన్ నాలుగో వారాంతంలో దీనిని నిర్వహిస్తారు.

ఇందుకోసం క్లబ్బులు విద్యుత్తు తీగలకు దూరంగా ఉన్న ఎత్తయిన స్థలాన్ని ఎంచుకుని, యజమాని అనుమతి పొందుతాయి. గుడారాలు, ఏరియళ్లు, బ్యాటరీలు, జనరేటర్, ఇంధనం, అగ్నిమాపక సాధనాలు సమకూర్చుకుంటాయి. ఏరియల్ కట్టేదెవరు, రాత్రివేళ సెట్టు వద్ద కూర్చునేదెవరు, సంభాషణలు నమోదు చేసేదెవరు అన్నది ముందే నిర్ణయిస్తాయి. ఎక్కువ కేంద్రాలతో మాట్లాడితే ఎక్కువ పాయింట్లు వస్తాయి. అయితే బయటి కరెంటు లేకుండా కేంద్రాన్ని నడపడమే అసలు పరీక్ష.

ఇటువంటి సంసిద్ధత విలువ 2004 డిసెంబరు 26న వెల్లడైంది. హైదరాబాద్‌లోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ బృందం అప్పటికే అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్ (నేటి శ్రీవిజయపురం)లో తాత్కాలిక కేంద్రం నెలకొల్పి, ప్రపంచ హామ్‌లతో మాట్లాడుతోంది. సునామీతో ఇతర సంబంధాలు తెగిపోగా, ఆ సెట్లే బాధితుల క్షేమసమాచారాన్ని ఆప్తులకు చేరవేశాయి.