పావు డాలరు క్లినిక్

అమెరికాలో నల్లజాతి, లాటినో కుటుంబాల టీనేజి పిల్లలు మనసు బాగా లేకపోయినా డాక్టరు గడప తొక్కరనీ, ‘మెంటల్’ అనే ముద్ర పడుతుందని ఇంట్లోవాళ్లే వెనక్కి లాగుతారనీ చాలాకాలంగా వినబడే మాట. దానికి అందరూ చెప్పే విరుగుడు అవగాహన. పోస్టర్లు, బడుల్లో ప్రసంగాలు, 2008 నుంచి ఏటా జూలైలో రచయిత్రి బెబీ మూర్ క్యాంప్‌బెల్ పేరిట జరిగే ప్రచార మాసం, అన్నీ ఆ కోవలోవే. వాటిని తప్పుపట్టాల్సిన పనిలేదు. కాకపోతే ఆ కుటుంబాలు తెలియక భయపడుతున్నాయన్న అంచనా వాటి వెనక ఉంది. చరిత్ర తిరగేస్తే వాళ్లు తెలిసే భయపడ్డారని అర్థమవుతుంది. ఆ భయం సడలిన సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు ముందుగా మారింది పిల్లలో తల్లులో కాదు, వైద్యం.

1840 జనాభా లెక్కల ప్రకారం ఉత్తరాది రాష్ట్రాల్లో స్వేచ్ఛగా బతికే నల్లవాళ్లలో పిచ్చివాళ్లు విపరీతంగా ఉన్నారు, దక్షిణాది బానిసల్లో బహు తక్కువ. 1844లో విదేశాంగ మంత్రి జాన్ కాల్‌హూన్ ఈ అంకెలనే బ్రిటిష్ రాయబారి ముందు పెట్టి, బానిసత్వమే వాళ్లకు క్షేమమని వాదించాడు. ఆ అంకెల సంగతేమిటో మసాచుసెట్స్‌లోని వుస్టర్ పట్టణం చెబుతుంది. అక్కడ 133 మంది నల్ల పిచ్చివాళ్లున్నట్టు రాశారు; వాళ్లంతా నిజానికి ఆ ఊరి ప్రభుత్వాసుపత్రిలోని తెల్ల రోగులు, రాసినవాడి చేతిలో గడి మారిపోయారు. ఎడ్వర్డ్ జార్విస్ అనే తెల్ల డాక్టరూ, జేమ్స్ మెక్యూన్ స్మిత్ అనే నల్లజాతి డాక్టరూ తప్పుల్ని బయటపెట్టినా ప్రభుత్వం లెక్క దిద్దలేదు. 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే దక్షిణాది వైద్యుడు ఇంకో అడుగు వేసి, బానిసలు పారిపోవడం ఒక జబ్బని తేల్చి ‘డ్రాపెటోమేనియా’ అని పేరు పెట్టాడు. అది రాకుండా ఆయన సూచించిన జాగ్రత్తల్లో కొరడా దెబ్బలు కూడా ఉన్నాయి.

బానిసత్వం పోయాక ఆసుపత్రులు వచ్చాయి. మేరీల్యాండ్‌లో 1911లో మొదలైన క్రౌన్స్‌విల్ పిచ్చాసుపత్రి నల్లవాళ్లకు మాత్రమే. తొలి రోగుల చేతనే అడవి కొట్టించి, తాము ఉండబోయే భవనాలకు కూలిపని చేయించారు. 1955 నాటికి అక్కడ 2,700 మందికి పైగా కిక్కిరిసి ఉన్నారు, వాళ్లలో చిన్నపిల్లలూ ఉన్నారు. హీలా కణాల పేరుతో సైన్సు పుస్తకాలకెక్కిన హెన్రియెట్టా లాక్స్ కూతురు ఎల్సీ, మూర్ఛరోగి, పదిహేనేళ్ల వయసులో ఆ ఏడాదే అక్కడ చనిపోయింది. ఆ రోజుల్లో అక్కడి మూర్ఛరోగుల మీద ఒక పరిశోధన జరిగింది. మెదడు చుట్టూ ఉండే ద్రవాన్ని తోడేసి, ఆ ఖాళీలోకి గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. ఆ తరవాత భరించలేని తలనొప్పి, వాంతులు. ఇలాంటి చోటికి పిల్లను పంపకుండా దాచుకున్న తల్లిని అవగాహన లేనిదని ఎలా అనగలం?

ఇక ఆ భయం సడలిన సందర్భాలకు వద్దాం. 1946లో న్యూయార్క్ నగరంలోని హార్లెమ్‌లో సుమారు నాలుగు లక్షల నల్లజనాభా ఉండేది, వాళ్లకు చెప్పుకోదగ్గ మానసిక వైద్యం దాదాపు లేదు. ఆ మార్చిలో సెయింట్ ఫిలిప్స్ చర్చికి చెందిన భవనం సెల్లార్లో, రెండు గదుల్లో లఫార్గ్ క్లినిక్ తెరిచారు. జర్మనీ నుంచి వచ్చిన సైకియాట్రిస్టు ఫ్రెడ్రిక్ వర్తామ్, నవలాకారుడు రిచర్డ్ రైట్, చర్చి పెద్ద షెల్టన్ హేల్ బిషప్ దీనికి మూలపురుషులు. మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా చూసేవారు. ఫీజు పావు డాలరు, అదీ లేకపోతే ఉచితం. డాక్టర్లలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఉండేవారు, ఎవరికీ జీతం లేదు. అద్దె గొడవో, పోలీసుల వేధింపో, బళ్లో అవమానమో చెబితే దాన్ని రోగి భ్రమగా కొట్టిపారేసేవారు కాదు. డెలావేర్ రాష్ట్రంలో నల్లపిల్లలకు వేరే బడులు పెట్టడంపై కేసు వేసినప్పుడు, అక్కడి పిల్లల్ని రైల్లో ఈ సెల్లారుకే తీసుకొచ్చి పరీక్ష చేయించారు. వర్తామ్ 1951లో కోర్టుకెళ్లి సాక్ష్యం చెప్పాడు. మరుసటి ఏడాది న్యాయమూర్తి కాలిన్స్ సైట్జ్ ఈ వేర్పాటు చాలామంది నల్లపిల్లల మానసిక ఆరోగ్యాన్ని దెబ్బతీస్తోందని తీర్పులో రాసి, కేసు వేసినవాళ్ల పిల్లలను తెల్లవాళ్ల బడుల్లో చేర్చుకోమన్నాడు. పిల్లవాడి దిగులుకు కారణం వాడి బుర్రలో కాదు, బడిలో ఉందని మానసిక వైద్యం కోర్టులో చెప్పడం అరుదైన సంగతే.

నాకు ఇంతకంటే ముఖ్యంగా తోచేది లఫార్గ్ తెరిచిన 1946లోనే, అదే హార్లెమ్‌లో మామీ క్లార్క్, కెన్నెత్ క్లార్క్ దంపతులు డన్‌బార్ అపార్ట్‌మెంట్ల సెల్లార్లో పెట్టిన నార్త్‌సైడ్ సెంటర్. నల్లబొమ్మ, తెల్లబొమ్మ ముందుపెట్టి పిల్లలను ప్రశ్నించిన ప్రయోగంతో పేరు పొందిన జంట వీళ్లు. పెట్టుబడి మామీ తండ్రి ఇచ్చిన 946 డాలర్లు. మొదట్లో తల్లిదండ్రులు రావడానికి వెనకాడారు, పిల్లాడికి పిచ్చి అంటారేమోనని. వాళ్లను కదిలించింది ఐక్యూ పరీక్ష. బడివాళ్లు తమ పిల్లల్ని మందబుద్ధుల తరగతుల్లో వేశారని మండిపడుతున్న తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చారు. పరీక్షిస్తే చాలామంది ఆ తరగతుల్లో ఉండాల్సినవాళ్లే కాదని తేలింది, బడులు మెట్టు దిగాల్సి వచ్చింది. ఒక ముద్రను చెరిపి చూపించాకనే ఆ తల్లులు ఈ సెంటరును నమ్మారు. ఉపన్యాసాలతో ఇంత పని జరిగేది కాదు.

ఈ వాదనకు అభ్యంతరాలు లేకపోలేదు. నామోషీ ఇంట్లోనూ ఉంది, ప్రార్థన చేసుకుంటే పోతుందనే పెద్దలున్నారు, అన్నిటికీ తెల్లవాళ్లనే అంటే ఎలా అని అడగొచ్చు. నిజమే, ఉంది. కానీ లఫార్గ్ నడిచింది చర్చి కిందే. దేవుణ్ణి నమ్మేవాళ్లకు వైద్యం పరాయిదేమీ కాదు, ఆ వైద్యుడు ఎవరి తరఫున మాట్లాడతాడన్నదే వాళ్ల అనుమానం. రెండో అభ్యంతరం, 1840 నాటి సంగతి ఇప్పటి కుర్రాడికేం తెలుసని. తెలియక్కర్లేదు. వాడి తాతల కాలందాకా ఆ ధోరణి ఆగలేదు. పౌరహక్కుల ఉద్యమం రోజుల్లో స్కిజోఫ్రేనియా ముద్ర నల్ల మగవాళ్ల మీద ఎలా పడసాగిందో మిషిగన్‌లోని అయోనియా ఆసుపత్రి రికార్డుల ఆధారంగా జొనాథన్ మెట్జల్ 2009లో పుస్తకం రాశాడు. 1974లో హాల్డాల్ అనే మానసిక రోగాల మందు ప్రకటనలో బొమ్మ పిడికిలి బిగించిన ఒక నల్లవాడిది.

మూడో అభ్యంతరం నా వాదనకే గట్టి దెబ్బ. వర్తామ్ 1954లో కామిక్ పుస్తకాలు పిల్లల్ని చెడగొడుతున్నాయంటూ పెద్ద పుస్తకం వేశాడు. తన క్లినిక్కుల్లో చూసిన పిల్లల మాటలే అందులో సాక్ష్యం. ఆయన కాగితాలు పరిశీలించిన కరోల్ టిల్లీ, ఆ మాటల్ని ఆయన మార్చి, కలిపేసి, తన వాదనకు అడ్డొచ్చే కారణాలు వదిలేశాడని 2012లో చూపించింది. అంటే మంచి క్లినిక్ కూడా పిల్లవాడి మాటను తన అవసరానికి వాడుకోగలదు. నమ్మకాన్ని డాక్టరు మంచితనానికి వదిలేస్తే వచ్చే చిక్కే ఇది. దక్షిణ బ్రాంక్స్‌లో నల్ల, ప్యూర్టోరికన్ ఉద్యోగులు 1969 మార్చిలో లింకన్ ఆసుపత్రి మానసిక విభాగాన్ని తమ చేతుల్లోకి తీసుకుని, పెత్తనం తమకూ పేటవాళ్లకూ కావాలని పట్టుబట్టింది ఈ చిక్కు గురించే. ఆ పెత్తనం ఎక్కువ రోజులు నిలవలేదు. లఫార్గ్ కూడా 1958లో మూతపడింది. పెద్ద పెద్ద దాతృత్వ సంస్థలు ఏనాడూ దానికి అండగా నిలబడలేదు, జీతంలేని డాక్టర్ల ఓపిక మీదే ఆ పన్నెండేళ్లూ నడిచింది. నార్త్‌సైడ్ మాత్రం ఇప్పటికీ హార్లెమ్‌లో పిల్లలను చూస్తూనే ఉంది.